బెంగళూరులో పిజిలు నడుపుతున్న మనవాళ్లకు బహిరంగ లేఖ

అన్నలకు, అక్కలకు నమస్కారం.

మారతహళ్లి, మున్నేకొళాల, కుందలహళ్లి, మడివాళ, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ, ఏ సందులోకి తిరిగినా మీ పిజిల, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టళ్ల, బోర్డులే కనిపిస్తాయి. సగం బోర్డుల మీద దేవుళ్ల పేర్లు, వాటి కింద 'ఆంధ్రా భోజనం' అన్న మాట. లోపలికి వెళ్తే బల్ల వెనక నుంచి నెల్లూరు మాటో కడప మాటో వినబడుతుంది. ఏటా బీటెక్కో డిగ్రీయో పూర్తిచేసి మన ఊళ్ల నుంచి బయల్దేరే పిల్లలకు ఈ ఊళ్లో మొదట తలుపు తీసేది మీరే. అందుకే ప్రభుత్వానికో కార్పొరేషన్‌కో రాయకుండా ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

మాది కంభం. ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మొదటి కొన్నేళ్లు పిజిల్లోనే గడిచాయి. జ్వరం వస్తే కారం లేకుండా విడిగా వండి గదికి పంపిన అక్క దగ్గర ఉన్నాను. ఖాళీ చేశాక అడ్వాన్సు కోసం నెలల తరబడి తిప్పించుకున్నాయన దగ్గరా ఉన్నాను. మీ కష్టాలూ దగ్గర్నుంచి చూశాను. ఎండాకాలంలో ట్యాంకరు నీళ్ల ధర, చెప్పాపెట్టకుండా ఊరికి వెళ్లిపోయే వంటమనిషి, నెల మధ్యలో ఖాళీ అయ్యే మంచాలు, ఇవేవీ చిన్న విషయాలు కావు. 2024లో అప్పటి నగర పాలక సంస్థ బిబిఎంపి పిజిలకు నిబంధనలు పెట్టింది. సీసీ కెమెరాలు ఉండాలి, మనిషికి కనీసం 70 చదరపు అడుగుల చోటు ఉండాలి, రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలి అన్నది. అవన్నీ కావలసినవే. నేను అడగబోయేది మాత్రం ఆ జాబితాలో లేదు. దానికి లైసెన్సు అక్కర్లేదు, పెద్దగా ఖర్చూ కాదు.

కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారంలోనే ఈ ఊరిని పరిచయం చెయ్యండి.

ఈమధ్య మా చిన్నాన్న కొడుకు కోర్సు నేర్చుకోవడానికి ఇక్కడికి వచ్చాడు. మారతహళ్లిలో మనవాళ్ల పిజిలోనే చేరాడు. ఓనరు అడ్వాన్సు, ఆధార్ జిరాక్సు తీసుకున్నాడు. వైఫై పాస్‌వర్డ్, టిఫిను టైము, వేడినీళ్ల టైము చెప్పాడు. మంచి మనిషే. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు "మీ తమ్ముడు బంగారం మేడమ్, గదిలోంచి కదలనే కదలడు" అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు నాకు గుచ్చుకుంది. ఎందుకంటే వాడు కదలని పిల్లాడు కాదు. కంభం చెరువు కట్ట మీద ఎండావానా లేకుండా తిరిగినవాడు. ఇక్కడికొచ్చాక వాడి ఊరంతా పిజి, ఇన్‌స్టిట్యూటు, కింద టీ కొట్టు, ఆదివారం ఒక మాల్. సిటీ బస్సు అసలు ఎక్కలేదు. ఎటు పోవాలన్నా ఫోన్‌లో ఆటో పిలవడం, అది ఎంత చూపిస్తే అంత ఇచ్చేయడం. చిన్నాన్న మిరపకాయలు అమ్మి పంపించే డబ్బు అది. బస్సెందుకు ఎక్కలేదురా అంటే, "బోర్డు చదవలేనక్కా. కండక్టరు ఏదైనా అడిగితే ఏం చెప్పాలో తెలీదు. అందరూ చూస్తుంటారు, టెన్షన్‌గా ఉంటుంది" అన్నాడు.

వాడొక్కడి సంగతే అయితే ఇంట్లో చెప్పుకుని ఊరుకునేదాన్ని. ఆ గదిలో మిగతా ముగ్గురిదీ అదే పరిస్థితి. ఒకడిది తాడిపత్రి, ఒకడిది ఖమ్మం, ఇంకొకడిది పాలకొల్లు. ముగ్గురూ వాడికంటే ముందు వచ్చినవాళ్లే. ఎవరూ లాల్‌బాగ్ చూడలేదు. ఊరి పెద్ద బస్టాండు మెజెస్టిక్ అంటే బస్సు దిగినప్పుడు భయపడ్డ చోటుగా మాత్రమే గుర్తుంది.

దీనికి కారణం మనం చెప్పే మొదటి మాటే అనిపిస్తుంది నాకు. "ఇక్కడ భాషతో ఏం పన్లేదు తమ్ముడూ, అందరూ మనోళ్లే." ఇల్లు విడిచి వచ్చి మొహం వాడిపోయి ఉన్న పిల్లాడికి ధైర్యం చెప్పడానికే ఆ మాట అంటారు, నాకు తెలుసు. మున్నేకొళాలలో అది నిజం కూడా. కూరగాయల బండి, మెడికల్ షాపు, మొబైల్ రీచార్జి, అన్నీ తెలుగులోనే నడిచిపోతాయి. కానీ ఆ మాట నమ్మిన పిల్లవాడు తెలుగు వినపడేంత మేరకే తిరుగుతాడు. అది దాటితే ఊరు వాడికి పరాయిదైపోతుంది. రేపు యశ్వంతపురంలోనో పీణ్యలోనో ఇంటర్వ్యూ ఉందంటే, ఇంటర్వ్యూ భయం కన్నా దారి భయం ఎక్కువైపోతుంది. 'కన్నడ గొత్తిల్ల' (కన్నడం తెలీదు) అన్న రెండు ముక్కలు నేర్చుకుని వాటితోనే ఏళ్లకు ఏళ్లు గడిపేసినవాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు! స్థానికులకు మన మీద కోపం వస్తోందంటే అందులో వాళ్ల బాధ కూడా ఉంది. వాళ్ల ఊళ్లో ఉంటూ వాళ్ల మాట అక్కర్లేదని మనం మొదటి రోజే పిల్లలకు చెప్తున్నాం కదా.

ఆ ఆదివారం తమ్ముణ్ని మారతహళ్లి బ్రిడ్జి కింద బస్టాపుకు తీసుకెళ్లాను. బస్సు ఎక్కొద్దు, వచ్చే బస్సుల బోర్డులు చదువు చాలు అన్నాను. మొదట సిగ్గుపడ్డాడు. ఒక బస్సు వచ్చి ఆగితే 'మ' చూపించాను. మన 'మ'కు దానికి పెద్ద తేడా లేదు. ర, ల, య, బ వాడంతట వాడే పట్టేశాడు. 'క' దగ్గర ఆగాడు, 'త' దగ్గర మళ్లీ ఆగాడు. మన తలకట్టు టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది, వాళ్లది అడ్డగీతలా సాగుతుంది, ఆ ఒక్క తేడాకు కన్ను అలవాటు పడితే చాలని చెప్పాను. నాలుగైదు బస్సులు పోయాక ఒక బోర్డు మీద వేలు పెట్టి చూపిస్తూ "కెం... పే... గౌ... డ" అని కూడబలుక్కుని, "అక్కా, కెంపేగౌడ బస్ నిల్దాణ! మెజెస్టిక్కేగా?" అని అరిచాడు. పక్కన నిలబడ్డ పెద్దాయన నవ్వి "హౌదు, హౌదు, మెజెస్టిక్" అన్నాడు. ఆ తర్వాత నేను చూపించాల్సిన పని పడలేదు. కాడుగోడి, హెబ్బాళ, బనశంకరి, వచ్చిన ప్రతి బోర్డూ వాడే చదివి వినిపించాడు.

ఒకప్పుడు తెలుగుకూ కన్నడానికీ ఒకే లిపి ఉండేది. విడిపోయి కొన్ని వందల ఏళ్లే అయింది. ఉత్తరాది నుంచి వచ్చిన పిల్లలు నెలల తరబడి కష్టపడితే గానీ రాని చదువు మన పిల్లలకు ఒక మధ్యాహ్నంలో వస్తుంది. చేతికి ఇంత దగ్గరగా ఉన్నదాన్ని అక్కర్లేదని చెప్పి దూరం చెయ్యకండి.

అందుకే నా మొదటి కోరిక ఒక బోర్డు. రిసెప్షన్ దగ్గర 'అద్దె 5వ తేదీలోగా చెల్లించవలెను' అని రాసిపెట్టే గోడ మీదే ఇంకొక బోర్డు పెట్టండి. ఎడమ వైపు కన్నడ లిపిలో ఊళ్ల పేర్లు, కుడి వైపు తెలుగులో. మీ పిజి నుంచి నడిచి వెళ్లగల బస్టాపు పేరు, అక్కడ ఏ నంబరు ఎక్కితే ఎటు పోతుందో రాయండి. మారతహళ్లి వాళ్లయితే 335-ఇ గురించి రాయాలి, అది మెజెస్టిక్ నుంచి దొమ్మలూరు, మారతహళ్లి మీదుగా కాడుగోడి వైపు వెళ్తుంది. 500-డి గురించి రాయాలి, హెబ్బాళకూ సిల్క్ బోర్డుకూ మధ్య ఔటర్ రింగ్ రోడ్ మీద నడుస్తుంది. మారతహళ్లికి మెట్రో ఇంకా రాలేదు, పనులు జరుగుతున్నాయి, కాబట్టి మెట్రో కావాలంటే కుందలహళ్లికో కె.ఆర్.పురకో పోవాలని రాయండి. బీటీఎం, సిల్క్ బోర్డు, ఎలక్ట్రానిక్ సిటీలో పిజిలున్నవాళ్లకు ఇప్పుడు పని సులువైంది. 2025 ఆగస్టు 10న పసుపు లైను మొదలైంది. బొమ్మసంద్ర నుంచి ఆర్.వి. రోడ్ దాకా వస్తే అక్కడ ఆకుపచ్చ లైనుకు మారొచ్చు. ఇవన్నీ ఫోన్‌లో ఉంటాయి కదా అంటారు. ఉంటాయి. కానీ భయపడే పిల్లాడు ఫోన్‌లో ఆటోనే చూస్తాడు, బస్సు చూడడు. రోజూ అన్నానికి వెళ్లేటప్పుడు కళ్లబడే గోడ మీదైతే చదవక తప్పదు.

ఆడపిల్లల పిజిల్లో ఆ బోర్డు మీద ఇంకో మాట తప్పకుండా ఉండాలి. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం. కానీ అది కర్ణాటక చిరునామా ఉన్నవాళ్లకే. మన ఆడపిల్లలకు ఇంటి దగ్గర ఉచితం అలవాటైపోయింది, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి. ఇక్కడా అంతేననుకుని ఎక్కి కూర్చుంటారు. ఒకసారి నా పక్క సీట్లో అలాగే జరిగింది. భుజాన కొత్త ల్యాప్‌టాప్ బ్యాగు, మెడలో ఇంకా మెరుపు పోని ఐడీ కార్డు. కండక్టరు ఆధార్ చూపించమంటే తీసి ఇచ్చింది. అందులో గుంటూరు అడ్రసు. ఆయన గొంతు పెంచి కన్నడంలో ఏదో అన్నాడు. తిట్టలేదు, టిక్కెట్టు తీసుకోమన్నాడంతే. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. బస్సంతా తననే చూస్తున్నట్టు మొహం ఎర్రబడి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను చెప్పాక టిక్కెట్టు డబ్బులు తీసిచ్చింది గానీ తర్వాత స్టాపులోనే దిగిపోయింది. ఆమె దిగాల్సిన చోటు అది కాదు. పిజిలో చేరిన రోజున ఎవరైనా ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆమె అంత బాధపడేది కాదు.

ఇంకో సంగతి. పిల్లలకు మీ పిజి అడ్రసు రాదు. పేరు మాత్రమే తెలుసు. ఒకే దేవుడి పేరుతో ఈ ఊళ్లో ఎన్ని పిజిలున్నాయో మీకు నేను చెప్పాలా? నేను పిజిలో ఉన్న రోజుల్లో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె రాత్రిపూట రింగ్ రోడ్ బస్సులో ఒక స్టాపు ముందే దిగిపోయింది. ఫోన్ చార్జింగు అయిపోయింది. ఆటో ఆయన ఏ మెయిన్, ఏ క్రాస్ అని అడుగుతుంటే ఆ మాటలే ఆమెకు కొత్త. మన ఊళ్లో అడ్రసంటే రామాలయం వీధి, పాత బస్టాండు ఎదురుగా. ఇక్కడేమో ఎన్నో స్టేజి, ఎన్నో బ్లాకు, ఎన్నో మెయిన్, ఎన్నో క్రాసు. చివరికి ఒక బేకరీ ఆయన తన ఫోన్ ఇచ్చి వాళ్ల అమ్మకు చేయించాడు. అమ్మ ఊళ్లో నుంచి ఓనరుకు చేస్తే ఓనరు మనిషిని పంపాడు. క్షేమంగా వచ్చింది, ఆ తర్వాత చాలా కాలం చీకటి పడ్డాక బయటికి పోలేదు. జేబులో పట్టే చిన్న కార్డు ఒకటి అచ్చు వేయించండి. ఒక వైపు పిజి అడ్రసు కన్నడంలో, ఇంగ్లీషులో. దగ్గర్లో ఉన్న గుడో, పెట్రోలు బంకో గుర్తుగా పెట్టండి. రెండో వైపు మీ నంబరు, అత్యవసరానికి 112. రాత్రి పదింటికి గేటు మూసేస్తామని కచ్చితంగా చెప్పేవాళ్లు, పదిలోపు తిరిగి రావడానికి ఏ బస్సు, ఏ మెట్రో స్టేషను అన్నది కూడా అంతే కచ్చితంగా చెప్పాలి. గేటు టైము మాత్రం చెప్పి దారి చెప్పకపోతే ఆ నిబంధన పిల్లల్ని కాపాడదు.

ఊరి నుంచి వచ్చే రోజు కూడా మీ చేతుల్లో ఉన్నదే. వస్తున్నానని మీకు ముందే ఫోన్ చేస్తారు కదా. అప్పుడే రెండు ముక్కలు చెప్పండి. విజయవాడ, నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చే బస్సులు కె.ఆర్.పురం, టిన్ ఫ్యాక్టరీ మీదుగా వస్తాయి, మారతహళ్లికి పోయేవాళ్లు మెజెస్టిక్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్, అనంతపురం బస్సులకు హెబ్బాళ ముందు వస్తుంది. రైల్లో అయితే, విశ్వేశ్వరయ్య టెర్మినల్ బైయప్పనహళ్లిలోనే ఉన్నా ఆ పేరు గల మెట్రో స్టేషను పక్కనే ఉండదని చెప్పండి. తెల్లవారకముందు సూట్‌కేసు, దుప్పటి మూట పట్టుకుని దిగిన పిల్లాడి దగ్గరికి ఆటోవాళ్లు వచ్చి నోటికి వచ్చిన రేటు చెప్తారు. మీటరు రేటు ఇదీ అని వాడికి తెలిసి ఉంటే కనీసం బేరమాడే నోరు లేస్తుంది. 2025 ఆగస్టు 1 నుంచి మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 18. రాత్రి పది నుంచి తెల్లవారుజామున అయిదు దాకా ఒకటిన్నర రెట్లు. మీటరు వెయ్యరని నాకూ తెలుసు. అయినా న్యాయమైన ధర ఎంతో తెలిసిన మనిషి గొంతు వేరుగా ఉంటుంది.

ఇక నా పెద్ద కోరిక. నెలకు ఒక ఆదివారం, ఆ నెలలో కొత్తగా చేరిన పిల్లలను కూడగట్టి ఊళ్లోకి పంపండి. మీరు వెళ్లనక్కర్లేదు. మీ పిజిలో రెండు మూడేళ్లుగా ఉంటున్న సీనియర్ ఎవరో ఒకరుంటారు. ఆ నెల అద్దెలో కాస్త తగ్గించి వాళ్లకు ఆ బాధ్యత ఇవ్వండి. కారులో, వ్యానులో వద్దు. సిటీ బస్సులో, మెట్రోలోనే పోవాలి, టిక్కెట్టు ఎవరికి వాళ్లే అడిగి తీసుకోవాలి.

మొదట లాల్‌బాగ్. మెజెస్టిక్‌లో ఊదా లైను దిగి ఆకుపచ్చ లైనుకు మారితే లాల్‌బాగ్ పేరుతోనే స్టేషనుంది. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట, 1889లో కట్టిన గాజుటిల్లు. వాటికంటే నాకు అక్కడి బండ ఇష్టం. దాదాపు మూడు వందల కోట్ల ఏళ్ల నాటి రాయి అది. దాని మీద కెంపేగౌడ పేరుతో ఉన్న చిన్న గోపురం దగ్గర నిలబడితే ఊరు నలువైపులా కనబడుతుంది. తమ్ముణ్ని ఆ బండ ఎక్కించాను. వాడు ఎక్కగానే మొదట మారతహళ్లి ఎటువైపని అడిగాడు. తర్వాత విధానసౌధ ఎటు, మెజెస్టిక్ ఎటు, మనం దిగిన స్టేషను ఎటు అని ఒక్కొక్కటీ వేలితో చూపించుకుంటూ లెక్క సరిచూసుకున్నాడు. అప్పటిదాకా వాడికి ఈ ఊరు ఫోన్‌లో కదిలే నీలం చుక్క. ఆ బండ మీద మొదటిసారి వాడికి దిక్కులు తెలిశాయి. తిరిగొచ్చేటప్పుడు మెజెస్టిక్‌లో లైను మారడానికి నన్ను అడగలేదు, తనే ముందు నడిచాడు.

కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య పేరుతో ఉన్న సైన్సు మ్యూజియం చూపించండి. ఇంజనీరింగ్ చదివి వచ్చిన పిల్లలు యంత్రాల ముందు గంటలు గంటలు నిలబడిపోతారు. ఆయన ఇంటిపేరు మోక్షగుండం మా కంభం దగ్గరి ఊరి పేరే. వాళ్ల పూర్వీకులు అక్కణ్నుంచి వచ్చినవాళ్లు. ఆయన పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లిలో, పేరు తెచ్చుకున్నది మైసూరు రాజ్యంలో. రైలు దిగిన స్టేషనుకు ఎవరి పేరు పెట్టారో ఆయన మన వైపు మూలాలున్న మనిషేనని తెలిస్తే పిల్లల నడుము నిటారుగా అవుతుంది. ఇక్కడి వాళ్లతో కలిసిపోయి, ఇక్కడి వాళ్ల కోసం పనిచేసి ఆయన అంతటివాడయ్యాడని కూడా చెప్పండి.

కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనక్కాయల జాతర, జరుగుతుంది. పెద్ద బసవన్న గుడి చుట్టూ రోడ్ల పొడుగునా వేరుశనక్కాయల రాశులు. వేరుశనగ పండించే అనంతపురం జిల్లా నుంచి వచ్చిన పిల్లలు మీ పిజిలో ఎంతమంది ఉన్నారో చూడండి. ఈ ఊళ్లో వాళ్ల పంటకు ఒక పండగ ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు. ఆ రోజు మాత్రం సాయంత్రం గేటు టైము కాస్త సడలించండి.

తెల్లవారుజామున కె.ఆర్. మార్కెట్‌కు పంపగలిగితే ఇంకా మంచిది. బంతిపూల బుట్టల మధ్య నడుస్తుంటే కన్నడం, తమిళం, తెలుగు ఒకే నోట్లో వినబడతాయి. ఒకసారి నేను అక్కడ కన్నడంలో తడబడుతూ చామంతి ధర అడిగితే, పూలమ్మే అవ్వ "ఏ ఊరమ్మా మీది?" అని తెలుగులో అడిగింది. తనది చింతామణి వైపు పల్లె. ముత్తాతల నాటి నుంచీ ఇంట్లో తెలుగే, బడిలో కన్నడం, బేరం మూడు భాషల్లో. మూర పూలు కొలుస్తూ కైవారం తాతయ్య తత్త్వం ఒకటి కూనిరాగం తీసింది. ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు కట్టిన యోగి. కోలారు, చిక్కబళ్లాపురం, బాగేపల్లి, ముళబాగిలు వైపు ఇలాంటి కుటుంబాలు కోకొల్లలు. మీరు పిజి కట్టుకున్న స్థలం మీకు లీజుకిచ్చిన రెడ్డిగారో శెట్టిగారో ఇంట్లో మాట్లాడేది చాలాసార్లు తెలుగే. ఐటీ కంపెనీలు రాకముందు, మనం ఎవరం రాకముందు కూడా ఈ ఊళ్లో తెలుగు ఉంది. ఆ తెలుగువాళ్లలో కన్నడం రానివాళ్లు నాకు ఇప్పటిదాకా తగల్లేదు. మన పిల్లలకు చూపించాల్సింది వాళ్లను. తెలుగు వదలకుండానే ఈ ఊరివాళ్లం కావచ్చని పిల్లలకు మనం చెప్తే ఉపన్యాసంలా ఉంటుంది, ఆ అవ్వతో పది నిమిషాలు మాట్లాడితే వాళ్లకే తెలుస్తుంది.

ఇది పిజి ఓనర్ల పనా అని మీలో కొందరు అడుగుతారు. వందమంది పిల్లలు, నెలకు ఇరవైమంది వస్తారు, ఇరవైమంది పోతారు, ఎవరికని చెప్పేది అంటారు. మీ పని అన్నం పెట్టి చోటివ్వడమే, అది ఒప్పుకుంటాను. కానీ పిల్లాడి అమ్మానాన్నలు మీకు ఫోన్ చేసి "అన్నా, మావాడు కొత్త, కాస్త చూసుకోండి" అన్నప్పుడు "మాకు అప్పజెప్పారుగా, మీరు నిశ్చింతగా ఉండండి" అని మీరే అంటారు. నా విషయంలోనూ మా అమ్మకు ఆ మాటే చెప్పారు. ఆ మాటకు ఇది కూడా వర్తిస్తుందని నా నమ్మకం. లాభం లెక్క చూసినా ఇందులో నష్టం లేదు. ఊరు తెలిసిన పిల్లాడు ఆఫీసు మారినా బస్సు చూసుకుని మీ దగ్గరే ఉంటాడు. ఊరు తెలియనివాడు ఆఫీసు మారగానే దాని పక్క సందులో ఇంకో పిజి వెతుక్కుంటాడు.

భాష సంగతి కూడా పెద్ద క్లాసులు పెట్టి చెయ్యనక్కర్లేదు. మీ దగ్గర సెక్యూరిటీలోనో పాలు పోయడానికో వచ్చే కన్నడ మనిషి ఉంటే, పిల్లలతో కన్నడంలోనే మాట్లాడమని ఆయనకు చెప్పండి. ఎష్టు (ఎంత), ఎల్లి (ఎక్కడ), బేకు (కావాలి), సాకు (చాలు), ఇల్లి నిల్సి (ఇక్కడ ఆపండి). వీటితో బస్సు, బజారు గడిచిపోతాయి. మిగతాది వింటూ ఉంటే దానంతట అదే వస్తుంది. తప్పుగా మాట్లాడితే ఇక్కడివాళ్లు వెక్కిరించరు, సరిదిద్ది ఇంకో మాట నేర్పుతారు. నాకు కన్నడం అలాగే వచ్చింది, కూరగాయలమ్మే ఆవిడ దగ్గర, ఇంటి ఎదురు బామ్మ దగ్గర.

ఆ బోర్డు రాయడానికి మీకు తీరిక లేకపోతే నేను రాసిస్తాను. మారతహళ్లి, కుందలహళ్లి, మున్నేకొళాల చుట్టుపక్కల బస్సుల వివరాలు నా దగ్గర ఉన్నాయి. కన్నడంలో తప్పులు లేకుండా చూసిపెడతానని మా ఎదురింటి టీచరమ్మ మాటిచ్చింది. మా తమ్ముడు ఉన్న పిజి ఓనరుకు ఈ సంగతి చెప్పాను. వచ్చే నెల రేట్ల బోర్డు మారుస్తున్నాడట, దాని పక్కన చోటు వదులుతానన్నాడు. మీ గోడ మీద కూడా అంత చోటు వదలండి.

ఇట్లు,
కంభం నుంచి వచ్చి మున్నేకొళాలలో ఉంటున్న
మీ పాత పిజి పిల్ల